మే నెల మొక్కుబడి

తుష్నాబాద్‌లో ప్రేమావతి ఒక మాట అన్నదంటే అది జరిగిపోయినట్టే. కొందరు ఆ సంగతి మెచ్చుకుంటూ చెబుతారు, కొందరు పళ్ళు నూరుతూ చెబుతారు, కాదనేవాళ్ళు మాత్రం లేరు. ఆవిడ తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవిలో దిగారు. ఆవిడ ఇక్కడే పుట్టింది, ఇక్కడే హిందీ బళ్ళో చదివింది, ఇక్కడే పెళ్ళాడింది. మెయిన్‌లాండ్ అని ఇక్కడివాళ్ళు పిలిచే అవతలి ఒడ్డుని నలభై ఆరేళ్ళలో రెండంటే రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఆసుపత్రి పనిమీదే.

పొద్దున్నే ఆరున్నర బస్సుకి సిప్పీఘాట్ వెళుతుంది. అక్కడ తోటలో నర్సరీ పని. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపడం, మిరియపు తీగని రెండేసి కణుపుల ముక్కలుగా కోసి గుచ్చడం, నీళ్ళు చిలకరించడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. తను గుచ్చిన ముక్క చిగురించకపోతే ఆ సంచీని విడిగా పెట్టి, అలిగిన మనిషిలా రెండు రోజులు దానివైపు చూడదు. మొక్కతోనే అంత పంతం పట్టే మనిషి మనుషులతో ఊరుకుంటుందా?

వాళ్ళ ప్రార్థన మందిరం చిన్నది. రేకుల కప్పు, ఇరవై కుటుంబాలు, తెలుగు ఆరాధన. అక్కడ మొక్కుబడిని మనసులో మొక్కుకుని ఊరుకోవడం ఉండదు. నెల మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తానని అందరి ముందూ చెప్పాలి. చేశాక మళ్ళీ లేచి చెప్పాలి. పెద్దల నాటి నుంచీ వస్తున్న పద్ధతి అది. మొక్కడానికి ఎవరైనా మొక్కుతారు, తీర్చే దగ్గరే నసుగుళ్ళన్నీ. ప్రేమావతి ఎన్నడూ నసగలేదు. ఆవిడ భర్త శామ్సన్ దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో సీమన్. ఒకసారి తుఫానులో ఆ ఫెర్రీ జాడ రెండు రోజులు తెలియకపోతే, మనిషి తిరిగొస్తే ఏడాది పాటు శుక్రవారాలు ఉపవాసం ఉంటానని మొక్కింది. శామ్సన్ తిరిగొచ్చాడు. ఆ ఏడాదే ఆవిడకి టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు తిట్టాడు, శామ్సన్ బతిమాలాడు, ఆవిడ శుక్రవారం నాడు గంజి కూడా ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

అలాంటి మనిషి ఇంకొకరి మొక్కుబడిని మాత్రం వదిలిపెడుతుందా? ఆ సంఘంలోనే కళ అని, ప్రేమావతి కన్నా ఆరేళ్ళు పెద్ద. కొడుక్కి పోలీసు ఉద్యోగం వస్తే ఏడాది పాటు శనివారాలు మందిరం కడుగుతానని రెండేళ్ళ కిందట మొక్కింది. ఉద్యోగం వచ్చింది. మూడు వారాలు కడిగింది. నాలుగో వారం మోకాళ్ళు పట్టేశాయని కోడల్ని పంపింది. ఆ సాయంత్రం స్త్రీల కూడికలో ప్రేమావతి అందరి ముందూ అడిగేసింది.

"మొక్కింది నువ్వా, నీ కోడలా దీదీ? ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు నిలబడ్డానికి ఇదేటి, రేషన్ దుకాణం లైనా?"

ఆ తరవాత శనివారాలన్నీ కళే వచ్చింది. గోడ పట్టుకుని కూర్చుని, గోడ పట్టుకుని లేచి, ఏడాదీ పూర్తి చేసింది. ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది. అది మందిరం కడగడం వల్లో, వయసు వల్లో ఎవరూ తేల్చి చెప్పలేరు. ఆవిడ కుంటుకుంటూ వస్తుంటే మాత్రం ప్రేమావతి పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తుంది.

చూస్తుందే గాని చదవదు. ప్రేమావతికి తెలుగు చదవడం రాదు. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. పాటలన్నీ నోటికి వచ్చు, పుస్తకం చేతిలో ఉంటుంది, పక్కావిడ పేజీ తిప్పితే తనూ తిప్పుతుంది. దీవిలో ఇది పెద్ద వింతేమీ కాదు. ఇప్పటి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, రాసింది చదవమంటే నీళ్ళు నములుతారు. పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఆ బాధతోనే సంఘపెద్ద యేసురాజు మేస్టారు ఏటా మే సెలవుల్లో మందిరంలో పిల్లలకి తెలుగు బడి నడిపేవారు. ఆయన కళ్ళకి శుక్లాలు కమ్మాక బడి ఆగిపోయింది. ఆయన దగ్గర అక్షరాలు గట్టిగా పట్టుబడింది ఒక్కరికే. ప్రేమావతి కూతురు ఫేబేకి. ఆదివారం వాక్యం చదివేది ఇప్పుడు ఆ పిల్లే.

ఫేబే ఫెరార్గంజ్ బళ్ళో పదకొండో తరగతి చదువుతోంది. ఒక్కతే కూతురు. మాట తక్కువ, పని ఎక్కువ. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తల్లి వెంట సిప్పీఘాట్ వెళ్ళేది. సునామీకి అక్కడి నేల కుంగి, వరి పండిన పొలాల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది, మళ్ళీ పోలేదు. నీళ్ళలో ఇప్పటికీ చచ్చిన కొబ్బరి మొదళ్ళు నిలబడి ఉంటాయి. తల్లి సంచుల్లో మట్టి నింపుతుంటే పిల్ల ఆ మొదళ్ళ మీద మేకుతో గీతలు గీసి, ఏ తిథికి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో నోటుబుక్కులో రాసుకునేది. ఆట అనుకున్నారు. రెండేళ్ళయినా మానలేదు. వాళ్ళ జాగ్రఫీ టీచరు పద్మిని మేడమ్ ఆ నోటుబుక్కు చూసి, అందులో ఉన్నదంతా ఒక వ్యాసంగా రాయించింది.

విశాఖపట్నంలో ఒక కాలేజీ వేసవిలో హైస్కూలు పిల్లల కోసం నాలుగు వారాల కోర్సు పెట్టింది. సముద్రం గురించి. పదకొండో తరగతి వాళ్ళకి మాత్రమే. హాస్టల్లో ఉంచి, ల్యాబులో నీళ్ళు పరీక్షించడం, పడవమీద తీసుకెళ్ళి ఆటుపోట్లు కొలవడం నేర్పుతారు. దేశమంతటి నుంచీ ముప్పై మందిని తీసుకుంటారు. ఫేబే వ్యాసాన్ని పద్మిని మేడమ్ అక్కడికే పంపించింది. పంపిన రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. ఏదైనా కావాలని ఫేబే నోరు తెరిచి అడగడం ప్రేమావతికి గుర్తు లేదు. అలాంటి పిల్ల, "అమ్మా, ఇది రావాలని ప్రార్థన చెయ్" అంది.

ప్రేమావతి చెవిన పడ్డవి రెండే మాటలు. కాలేజీ, సీటు. ఈ దీవిలో కాలేజీ సీటంటే ఎవరికైనా ఒకటే అర్థం. పరీక్షలు అవ్వాలి, లిస్టు రావాలి, జూలైలో పిల్లని మెయిన్‌లాండ్ వెళ్ళే జహాజు ఎక్కించాలి. మే నెలలో కాలేజీకి వెళ్ళినవాళ్ళని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వేసవి కోర్సు అంటే వేసవిలో దరఖాస్తులు తీసుకుని, పన్నెండో తరగతి అయ్యాక చేర్చుకునే కోర్సు కాబోలనుకుంది.

మార్చి మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచింది.

"ప్రభువు నా పిల్లకి ఆ కాలేజీలో సీటిప్పిస్తే, మేస్టారి తెలుగు బడి మళ్ళీ తెరిపిస్తాను. మే నెలంతా పిల్లలకి నా ఫేబే చెప్తాది. ఒక్క రోజు నాగా ఉండదు. నా పిల్లే చెప్తాది, బదులు ఇంకొకళ్ళు రారు."

చివరి మాట అవసరం లేదు. కళ కూర్చున్న వైపు ఒకసారి చూసి మరీ అంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

యేసురాజు మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తల్లులందరూ స్తోత్రం అన్నారు. ఇంటికి వస్తూ దారిలో ఫేబే, "అమ్మా, ఆ కోర్సు ఎప్పుడంటే..." అని మొదలుపెట్టింది.

"ముందు సీటు రానీవే. రాకుండానే ముచ్చట్లేటి?"

ఆ ఇంట్లో ఒక మాట రెండోసారి చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ముప్పై సీట్లలో ఒకటి తనకెందుకు వస్తుందిలే అనుకుని పిల్ల కూడా ఊరుకుంది.

ఏప్రిల్ రెండో వారం సోమవారం నాడు సీటు వచ్చింది. ఫేబే ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగు చేసి చదివింది. ప్రేమావతి బాండీ దించేసి కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది. ఫోన్లో శామ్సన్ డెక్కు మీద నుంచి గాలి హోరులో అరిచాడు, "శభాష్ బేటీ!" జహాజుల మనిషి కాబట్టి వెంటనే అడగాల్సింది అడిగాడు. "ఎప్పటికల్లా ఎల్లాలి?"

"మే నాలుగు నాన్నా. ముప్పై ఒకటి వరకూ."

"ఐతే నెలాఖరు వైజాగ్ జహాజే. ఇంకోటి లేదు. టికెట్ నేను చూస్తాను, ఫికర్ వద్దు. వచ్చేటప్పుడు మాత్రం జూన్ నడిమి దాకా జహాజు దొరకదు, అప్పటికి ఫెరార్గంజ్ బడి తెరిచేస్తారు."

ప్రేమావతి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మే నాలుగు. ముప్పై ఒకటి. సీటు ఇస్తే మే నెల ఇస్తానని మొక్కింది. సీటు అంటేనే మే నెల. రెండూ ఒక్క నెలలోనే, ఒక్క పిల్ల మీదే. తీసుకుంటే మాట పోతుంది, మాట నిలబెడితే అడిగి తెచ్చుకున్నది పోతుంది. ఇలాంటి ముడి శత్రువైనా వెయ్యలేడు. తనే వేసుకుంది, అది కూడా లేచి నిలబడి, అందరూ వినేలా.

ఫేబే తల్లి మొహం చూసింది. వచ్చే సోమవారం సాయంత్రంలోగా జవాబు పంపాలని మాత్రం చెప్పి, ఫోను బల్లమీద పెట్టి, బట్టలు ఉతకడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పని నుంచి ప్రేమావతి సరాసరి యేసురాజు మేస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని, కనపడని కళ్ళతో పలకలు తడుముతూ ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. బడి కోసమే. పదకొండు మంది పిల్లలు వస్తామన్నారట. ఆవిడ ఆ పలకల్ని చూస్తూ వరండా మెట్టు మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది.

"నువ్వు నన్ను అడిగి మొక్కలేదు కదమ్మా," అన్నారాయన. "ముడి వెయ్యనోడు ఎలగ విప్పుతాడు? అందరి ముందూ అన్నావు, అందర్నీ అడుగు. ఈ ఆదివారం టైమిస్తాను."

"కళ దీదీ ఉంటాది మేస్టారూ."

"ఉంటాది. ఎక్కడికి పోతాది?" ఆయన పలక మీద చెయ్యి ఆనించారు. "నా స్వార్థం కూడా చెప్పేస్తాను, విను. ఈ బడి నేను బతికుండగా మళ్ళీ జరుగుతాదని నేను అనుకోలేదు. పిల్ల ఎల్లాలనీ ఉంది, ఉండాలనీ ఉంది. నా దగ్గిర న్యాయం అడక్కు. పోనీ, ఆ పిల్ల బదులు నువ్వే చెప్పరాదూ?"

ప్రేమావతి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకు చదవడం రాదు మేస్టారూ."

"తెల్సు. అందరూ పేజీ తిప్పాక నువ్వు తిప్పుతావు. ముప్పై ఏళ్ళుగా చూస్తన్నాను."

ఆ రాత్రీ, ఆ మర్నాడూ ఆవిడ కూతురితో ఉప్పూ కారమూ తప్ప మాట్లాడలేదు. కూతురు కూడా ఏమీ అడగలేదు. ఒకే గదిలో ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు తప్పుకుంటూ తిరిగారు. బుధవారం రాత్రి శామ్సన్ ఫోన్ చేసి టికెట్ దొరికిందన్నాడు. పడుకునే బంకు కిటికీ వైపేనని సంబరంగా చెప్పాడు. మొక్కుబడి సంగతి వినగానే మాత్రం సంబరం తగ్గించి, "మీ తల్లీకూతుళ్ళు చూసుకోండి," అని పెట్టేశాడు. సముద్రంలో ఎంత తుఫానుకైనా ఎదురెళ్ళే మనిషి, ఇంట్లో గాలి మళ్ళిందంటే లంగరు వేసేస్తాడు.

గురువారం నర్సరీలో ప్రేమావతి ఒక వరస సంచులన్నిటిలో మిరియపు ముక్కలు తలకిందులుగా గుచ్చింది. కింది కణుపు పైకి, పై కణుపు మట్టిలోకి. పక్కన పనిచేసే కనకదుర్గ చూసి లాగి చూపించింది.

"ఏటి దీదీ, ఒంట్లో బాగులేదా? ఇలగ గుచ్చితే వేరు పడతాదా?"

ఇరవై రెండేళ్ళలో అలా జరగలేదు. అన్నీ పీకి మళ్ళీ గుచ్చుతూ ఆవిడ భయాన్ని మొదటిసారి తిన్నగా చూసింది. మొక్కు తప్పి పిల్లని ఓడెక్కిస్తే, మూడు రోజులు నీళ్ళమీద పిల్లకి ఏమైనా అయితే? దేవుడు అంత కక్షపెట్టుకుంటాడా అని అడిగితే, పెట్టుకోడు అని ఎవరైనా చెబుతారు. ఆవిడకి నమ్మకం కుదరలేదు. తనైతే పెట్టుకునేది. తన దేవుడు తనలాగే ఉంటాడని ఇన్నాళ్ళూ అనుకుంది. అలాంటి దేవుడంటే ఎంత భయమో ఇప్పుడు తెలిసొచ్చింది. ఎదురుగా పొలాల్లో నిలిచిన నీళ్ళూ, వాటిలో కూతురు గీతలు గీసిన మొదళ్ళూ కనిపిస్తున్నాయి. ఆ గీతలు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

శుక్రవారానికి నిర్ణయం అయింది. అయినా కూతురికి చెప్పలేదు. మందిరంలో అన్నమాట మందిరంలోనే విప్పాలి, ముందు ఇంట్లో చెబితే అది చెప్పినట్టు కాదు. ఇదీ ఆవిడ పద్ధతి. ఇంకా రెండు రోజులేగా, సోమవారం దాకా గడువుందిగా అనుకుంది. పద్ధతి అనేది మనిషిని నిలబెట్టడం నిజమే. ఒక్కోసారి నిలబెట్టిన చోటు నుంచి కదలనివ్వదు.

ఆదివారం వాక్యం ఫేబేయే చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. తరవాత యేసురాజు మేస్టారు, "ప్రేమావతమ్మ ఒక మాట చెప్తాది," అన్నారు. ఆవిడ లేచింది. చేతిలో పాటల పుస్తకం మూసి బెంచీ మీద పెట్టింది.

"నేను మార్చిలో ఒక మాట అన్నాను. కాలేజీ మే నెలలోనే అని నాకు తెలీదు. తెలీకపోడం కాదు, పిల్ల చెప్పబోతే నేను విన్లేదు. ఇప్పుడు నా పిల్ల ఎల్లాలి. బడికి దాని బదులు నేనొస్తాను." ఊపిరి తీసుకుంది. "నాకు తెలుగు చదవడం రాదు. ఇన్నేళ్ళూ పుస్తకం ఊరికే పట్టుకున్నాను. మేస్టారు నోటితో చెప్తే నేను పిల్లల్తో పాటు కూర్చుని నేర్చుకుంటాను, బోర్డు మీద గీస్తాను. ఒకళ్ళ బదులు ఒకళ్ళు కూడదని అన్నది నేనే. కళ దీదీని ఇక్కడే అన్నాను. దీదీ, నాకు నీ దగ్గిర మొహం లేదు. నువ్వు ఒప్పుకోకపోతే నా పిల్లని ఆపేస్తాను."

కళ బెంచీ పట్టుకుని లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. ఆ లేవడం అందరూ చూశారు.

"ఆ రోజు నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. మర్చిపోతానని అబద్ధం ఆడను," అంది. "ప్రతి శనివారం బకెట్టు ఎత్తినప్పుడల్లా నిన్ను తిట్టుకున్నాను. లేకిన్ ప్రేమా, నా మోకాళ్ళ కోపం నీ పిల్ల మీద తీర్చుకుంటే నేనేటి మనిషిని? ఎల్లనీ. బిల్కుల్ ఎల్లనీ. నా మనవడు నీ దగ్గిరే నేర్చుకుంటాడు."

అంతే. ఆ సంఘమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో స్తోత్రం అన్నారు, ఎవరో ఏడ్చారు. ప్రేమావతి వెళ్ళి కళ చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాట విప్పుకుంటే మనిషి ఇంత తేలికవుతుందని ఆవిడకి నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఆ సంతోషంలో కూతురి వైపు చూడలేదు. చూసి ఉంటే, చదివిన చోటే నిలబడిపోయి రెండు చేతులతో బల్ల పట్టుకున్న పిల్ల కనిపించేది.

ఇంటిదారిలో ఆవిడ నోరు మూతపడలేదు. పెట్టె ఎవరిని అడగాలి, జహాజులో వాంతులు రాకుండా ఉసిరికాయ బుగ్గన పెట్టుకోవాలి, హాస్టల్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు. "బేగి నడవ్వే. ఇంటికెల్లగానే ఆ ఫోన్లో వస్తానని కొట్టు. రేపటిదాకా ఎందుకు?"

ఫేబే పోకతోట పక్కన ఆగిపోయింది.

"అమ్మా, నేను గురువారమే రాసీసేను."

"వస్తాననా?"

"రానని."

ప్రేమావతికి అర్థం కాలేదు. అర్థమైనా మనసు ఒప్పుకోలేదు. "సోమవారం దాకా టైముంది కదే."

"రాలేనోళ్ళు ముందే చెప్పేస్తే వెయిటింగ్ లిస్టులో ఉన్నోళ్ళకి ఇస్తామని రాశారు. ఎల్లనిదానికి సీటు పట్టుకుని కూర్చోకూడదు కదా. నువ్వే చెప్తావు, మనది కానిది మన దగ్గిర ఒక్క రోజు ఉండకూడదని." ఫేబే తల వంచుకుని చెప్పుతో రాయిని నెట్టింది. "నీ మాట పోకూడదనుకున్నాను."

సోమవారం ప్రేమావతి పని మానేసింది. తల్లీకూతుళ్ళు ఫెరార్గంజ్ వెళ్ళి పద్మిని మేడమ్ చేత కాలేజీకి ఫోన్ చేయించారు. అవతలావిడ మర్యాదగానే మాట్లాడింది. ఆ సీటు శుక్రవారమే లిస్టులో తరవాతి అబ్బాయికి ఇచ్చేశారట. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడట. వచ్చే ఏడాది వెయ్యండి అంది. వచ్చే ఏడాదికి ఫేబే పన్నెండో తరగతి, ఆ కోర్సు పదకొండో తరగతి వాళ్ళకే. ప్రేమావతి ఫోను లాక్కుంది.

"మేడమ్, గల్తీ నాది. పిల్లది కాదు. నేను మాట ఆలస్యంగా చెప్పాను. మూల కూర్చుంటాది, కింద పడుకుంటాది, ఒక్క పిల్లే కదా మేడమ్..."

"సారీ అమ్మా," అంది అవతలి గొంతు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పద్మిని మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఫేబే తుడుచుకోలేదు. తల్లి చేతిలోంచి ఫోను మెల్లిగా తీసుకుని మేడమ్‌కి ఇచ్చేసి, "థాంక్యూ మేడమ్" అంది.

నెలాఖరున వైజాగ్ జహాజు వెళ్ళిపోయింది. కిటికీ వైపు బంకులో ఎవరు వెళ్ళారో మనకి తెలియదు.

మే ఒకటో తారీఖున బడి మొదలైంది. పదకొండు మంది పిల్లలు, వెనక వరసలో ప్రేమావతి. రానక్కర్లేదని అందరూ చెప్పారు. నేర్చుకుంటానని అందరి ముందూ అంది కాబట్టి వచ్చింది. యేసురాజు మేస్టారు గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, చెవులు రిక్కించి, నవ్వుతూ కూర్చున్నారు. ఫేబే బోర్డు మీద అక్షరం రాసింది, పలికించింది, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి దిద్దించింది. ఏ పిల్లనీ విసుక్కోలేదు. తల్లి దగ్గరికి వచ్చినప్పుడు మిరియపు తీగలు గుచ్చి గుచ్చి మొద్దుబారిన ఆ వేళ్ళని తన చేతిలోకి తీసుకుని, సున్న ఎక్కడ మొదలుపెట్టాలో చూపించింది. బాగా చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, ప్రేమావతికి అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది. ఇలాంటి పిల్లని తను ఎక్కడికి పోకుండా పట్టుకుందో పలక మీద కనిపిస్తూనే ఉంది.

తిరిగి వస్తుంటే ఎండ మాడుస్తోంది. పది రోజులుగా దాచుకున్న మాటని ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది.

"ఆ గురువారం నాడు ఒక్కసారి నన్ను అడిగుంటే ఏటయ్యేది? అమ్మా, ఎల్లనా వద్దా అని. ఒక్క మాట. ఎందుకు అడగలేదే?"

ఫేబే నడక ఆపలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. అదే వచ్చిన బాధ.

"నువ్వు మాట మార్చుకోడం నేను ఎప్పుడైనా చూశానా అమ్మా? ఒక్కసారైనా చూసుంటే అడిగేదాన్ని."

ప్రేమావతి జవాబు కోసం వెతికింది. టైఫాయిడ్ ఏడాది వెతికింది, పిల్ల నడక నేర్చిన ఏడాది వెతికింది, అలిగిన రోజులూ ఏడిపించిన రోజులూ బతిమాలించుకున్న రోజులూ అన్నీ వెతికింది. పదహారేళ్ళలో, కూతురికి చూపించడానికి, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.